చొక్కా కింద తుపాకీ: అమెరికాలో పిస్టల్ ఎంపిక వెనక ఉన్న లెక్కలు, చట్టాలు

అమెరికాలో తెలుగువారెవరైనా కాల్పుల్లో చనిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ అక్కడి మనవాళ్ల వాట్సాప్ బృందాల్లో ఒకే ప్రశ్న పైకి వస్తుంది: మనమూ ఒక తుపాకీ దగ్గర పెట్టుకోవాలా? 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో హైదరాబాద్‌ ఇంజనీరు ఒకరిని జాతి విద్వేషంతో ఒక బార్‌లో కాల్చి చంపినప్పుడు ఆ ప్రశ్న గట్టిగా వినిపించింది. పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో రాత్రిపూట పనిచేసే విద్యార్థుల మీద దొంగలు కాల్పులు జరిపినప్పుడల్లా మళ్లీ వినిపిస్తోంది. దాని వెంటే రెండోది: కొంటే ఏది కొనాలి?

ఈ రెండో ప్రశ్నకు జవాబులకు కొదవలేదు. యూట్యూబ్ తెరిస్తే గంటల కొద్దీ ఉన్నాయి. చాలావరకు ఏదో ఒక మోడల్ పేరు చెప్పి ముగుస్తాయి. ఆ మోడల్ ఎందుకలా ఉంటుందో, దాన్ని నడుముకు పెట్టుకుని పక్క రాష్ట్రంలో అడుగుపెడితే ఏమవుతుందో, అడుగుతున్న మనిషి హెచ్1బీ మీద ఉంటే అసలు దాన్ని తాకవచ్చో లేదో చెప్పేవి తక్కువ.

## పిస్టల్, రివాల్వర్, తూటా: ముందు ఈ మాటలు

ఒక చేతిలో ఇమిడే తుపాకీని హ్యాండ్‌గన్ అంటారు. వాటిలో ప్రధానంగా రెండు రకాలు. రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్‌లోని గదుల్లో ఉంటాయి. సాధారణంగా 5 లేదా 6. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ సిలిండర్ ఒక గది ముందుకు తిరుగుతుంది. పిస్టల్‌లో తూటాలు పిడి లోపల దూర్చే మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి పేలగానే ఆ విసురుకే స్లైడ్ అనే పైభాగం వెనక్కి వెళ్లి, ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, ముందుకు వస్తూ కొత్త తూటాను గొట్టంలోకి నెడుతుంది.

తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడి తొడుగు, లోపల మందు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, కొసన గుండు. గొట్టంలోంచి వెళ్లేది గుండు ఒక్కటే. దాని వ్యాసాన్ని బట్టి చెప్పేది కేలిబర్. అమెరికన్లు అంగుళాల్లో .380, .38, .45 అంటారు, 9 ఎం.ఎం. మాత్రం యూరప్ నుంచి మిల్లీమీటర్లతోనే వచ్చి అలాగే స్థిరపడింది. 10+1 అని రాస్తే మ్యాగజైన్‌లో పది, అప్పటికే గొట్టంలో ఎక్కించి పెట్టినది ఒకటి అని లెక్క.

ఇతరులకు కనిపించకుండా దుస్తుల మాటున తుపాకీ పెట్టుకుని జనంలో తిరగడమే కన్సీల్డ్ క్యారీ. కనిపించేలా పెట్టుకుంటే ఓపెన్ క్యారీ. ఈ రెంటికీ చట్టాలు వేరు. ఇంట్లో తుపాకీ ఉంచుకోవడానికి మళ్లీ వేరు.

## దాచడానికి అనువైనది పేల్చడానికి కష్టం

చిక్కంతా ఇక్కడే ఉంది. తుపాకీ చిన్నదైతే చొక్కా కింద ఇట్టే దాగుతుంది. కానీ చిన్న తుపాకీ చేతిలో ఎక్కువగా ఎగురుతుంది, గురి తేలిగ్గా తప్పుతుంది, తూటాలు తక్కువ పడతాయి. ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాలి.

మార్కెట్లో బాగా అమ్ముడైన మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ .380 కేలిబర్, ఖాళీగా 270 గ్రాముల దరిదాపు, 6+1. ప్యాంటు జేబులో పడిపోతుంది. 2018లో వచ్చిన సిగ్ సావర్ పీ365 9 ఎం.ఎం.; సుమారు 500 గ్రాములు; 10+1. 1988 నుంచి ఉన్న గ్లాక్ 19 కూడా 9 ఎం.ఎం.; ఖాళీ మ్యాగజైన్‌తో 670 గ్రాములు, నిండితే 850; 15+1. పోలీసుల నుంచి సామాన్యుల దాకా అందరూ వాడిన మధ్యరకం తుపాకీ ఇది.

చివరి రెండూ ఒకే తూటాను పేలుస్తాయి కాబట్టి పోలిక సులువు. 7.5 గ్రాముల గుండు సెకనుకు దాదాపు 350 మీటర్ల వేగంతో ముందుకు పోతే, అంతే ఊపు తుపాకీని వెనక్కి తోస్తుంది. ఊపు రెంటికీ సమానమే అయినా బరువులు సమానం కాదు. నిండా తూటాలున్న గ్లాక్ 19 బరువు 850 గ్రాములు, పీ365ది 620 గ్రాములు అనుకుందాం. ఒకే ఊపుకు వెనక్కి తన్నే శక్తి బరువుకు విలోమంగా మారుతుంది: 850ని 620తో భాగిస్తే 1.37. అంటే అదే తూటాకు చిన్న తుపాకీ సుమారు 37 శాతం ఎక్కువ శక్తితో చేతిని తన్నుతుంది. పైగా దాని పిడి పొట్టిది. పెద్ద చేయి ఉన్నవారికి చిటికెన వేలు పిడి కిందికి జారి గాలిలో ఉంటుంది. ముందు, వెనక గురి గుర్తుల మధ్య దూరం తక్కువ కాబట్టి చేయి వెంట్రుకవాసి కదిలినా గురిలో తేడా ఎక్కువ వస్తుంది.

మరి ఎంత దాగుతుంది? కొత్తవారు గొట్టం పొడవు చూస్తారు. నిజానికి గొట్టం ప్యాంటు లోపలికి పోతుంది, దొరకబుచ్చేది పిడి. కూర్చున్నప్పుడు, కారులోంచి దిగుతూ ఒక పక్కకు ఒరిగినప్పుడు, దుకాణంలో కింది అరలోని బియ్యం సంచి కోసం వంగినప్పుడు పిడి మడమ చొక్కాను లోపలి నుంచి పొడుస్తుంది. దీన్ని అక్కడ ప్రింటింగ్ అంటారు. అందుకే దాచుకునే తుపాకీ విషయంలో గొట్టం ఒక అంగుళం పెరిగినా పెద్ద ఇబ్బంది లేదు గాని, పిడి అర అంగుళం పెరిగితే తెలిసిపోతుంది.

ఇక్కడ రెండు వర్గాలున్నాయి. పెద్ద తుపాకీ కొన్నవారు రెండు వారాలు మోసి, బరువుకు విసిగి, దాన్ని బీరువాలో పడేస్తారు. జేబులో ఉన్న ఎల్‌సీపీ ఇంట్లో ఉన్న గ్లాక్ కన్నా మేలు అని ఒక వర్గం వాదన. శిక్షకుల్లో చాలామంది దీనికి ఎదురు చెబుతారు: అతి చిన్న తుపాకీ ఆరితేరినవారి చేతికే లొంగుతుంది, కొత్తవారు దానితో సాధన చేయడానికే వెనకాడతారు, సాధన లేని తుపాకీ దగ్గరున్నా ఒకటే, లేకున్నా ఒకటే. నా దృష్టిలో రెండోవారి మాటకే బరువు ఎక్కువ. ఈ పేచీకి మధ్యేమార్గంగా వచ్చింది కాబట్టే పీ365 మార్కెట్‌ను మార్చేసింది. అంతకు ముందు ఆ పరిమాణంలో తూటాలు ఒకే వరసలో 6 లేదా 7 పట్టేవి. గ్లాక్ సంస్థ 2015లో తెచ్చిన మోడల్ 43లోనూ 6 మాత్రమే. పీ365 మ్యాగజైన్ అడుగున తూటాలను ఎడాపెడా రెండు వరసలుగా పేర్చి, పైకి వచ్చేసరికి ఒకే వరసకు సన్నబరిచింది. అదే మందంలో పది పట్టాయి. మిగిలిన కంపెనీలన్నీ ఏళ్ల తరబడి దాని వెంట పరుగెత్తాయి.

## 9 ఎం.ఎం. పైచేయి ఎలా సాధించింది

1986 ఏప్రిల్ 11న మయామీ శివారులో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు బ్యాంకు దొంగలను అడ్డగించారు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దొంగల్లో ఒకడికి మొదట్లోనే తగిలిన 9 ఎం.ఎం. గుండు చేతిలోంచి దూసుకుపోయి ఛాతీలోకి వెళ్లింది గాని, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. ఆ తర్వాత కూడా అతను చాలాసేపు కాల్పులు జరిపాడు.

దానితో ఎఫ్‌బీఐ తూటాలను పరీక్షించే పద్ధతినే మార్చింది. శరీర కండరం లాంటి జెలటిన్ దిమ్మలోకి, ముందు మందపాటి బట్ట పొరలు పెట్టి మరీ కాలుస్తారు. గుండు కనీసం 12 అంగుళాలు లోపలికి వెళ్లాలి, 18 అంగుళాలు దాటకూడదు. 12 తగ్గితే పక్క నుంచి, చేతి మీదుగా తగిలినప్పుడు కీలక భాగాలకు చేరదు. 18 దాటితే మనిషిని చీల్చుకుని వెనకున్నవారికి తగలవచ్చు.

తొలి స్పందన పెద్ద తూటా వైపే వెళ్లింది. ముందు 10 ఎం.ఎం., దాని తన్ను తట్టుకోలేక 1990లో దాని తమ్ముడిలాంటి .40. ఆ తర్వాత పాతికేళ్లలో గుండ్ల తయారీ మెరుగుపడి, 9 ఎం.ఎం. కూడా ఆ పరీక్షను నిలకడగా దాటడం మొదలుపెట్టింది. తన్ను తక్కువ, రెండో గుండు త్వరగా గురికి వస్తుంది, మ్యాగజైన్‌లో రెండు మూడు ఎక్కువ పడతాయి. 2010ల మధ్యలో ఎఫ్‌బీఐ తిరిగి 9 ఎం.ఎం.కే వచ్చింది. పోలీసు శాఖలు, సామాన్యులు అదే దారి పట్టారు.

.45 అభిమానులు ఇంకా ఒప్పుకోరు. గుండు కొస తగిలాక వెడల్పుగా విచ్చుకోకపోయినా .45 చేసే రంధ్రం పెద్దదే కదా అన్నది వారి మాట, అందులో తప్పులేదు. అయితే హ్యాండ్‌గన్ గుండ్లన్నీ రైఫిల్ గుండుతో పోలిస్తే బలహీనమైనవే, ఎక్కడ తగిలిందన్నదే తేల్చే విషయమన్నది ఎఫ్‌బీఐ వాదన సారాంశం. సినిమాలో లాగా గుండు తగిలి మనిషి ఆరడుగులు ఎగిరిపడడం భౌతికశాస్త్రానికి తెలియదు. అంత ఊపు ఉంటే కాల్చినవాడూ ఎగిరిపడాలి.

.380 దగ్గర చిక్కు వేరు. పొట్టి గొట్టం వల్ల వేగం తగ్గి, విచ్చుకునే గుండు తరచు 12 అంగుళాల లోపే ఆగిపోతుంది. విచ్చుకోని గుండు లోతుకు పోతుంది గాని సన్నని రంధ్రమే చేస్తుంది.

విచ్చుకునే గుండు అంటే ముందు భాగంలో గుంట ఉన్న హాలో పాయింట్. దీనికి మన దేశంతో సంబంధం ఉంది. 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ సైన్యం తయారు చేసిన ఇలాంటి రైఫిల్ గుండ్ల పేరే ప్రపంచమంతా పాకింది. యుద్ధాల్లో వాటి వాడకాన్ని 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. యుద్ధంలో నిషిద్ధమైనదాన్ని వీధిలో పోలీసులు ఎలా వాడతారని చాలామంది అడుగుతారు. విచ్చుకున్న గుండు శరీరంలోనే ఆగిపోతుంది, వెనకున్న దారిన పోయేవారికి తగలదు అన్నది సమాధానం. ఆ వాదన న్యూజెర్సీకి పూర్తిగా నచ్చలేదు. అక్కడ ఇంట్లో, కాల్పుల సాధన కేంద్రాలకు తీసుకువెళ్లేటప్పుడు తప్ప సామాన్యుల దగ్గర హాలో పాయింట్ల మీద ఆంక్షలున్నాయి.

## రివాల్వర్‌కు ఇంకా గిరాకీ ఎందుకు

స్మిత్ అండ్ వెసన్ మోడల్ 642 అనే చిన్న రివాల్వర్ బరువు 410 గ్రాముల లోపు. ఐదు తూటాలు. ఇది పేలాలంటే వేలు సుమారు 5 కిలోల బలంతో ట్రిగ్గర్‌ను పొడవునా లాగాలి. తుపాకీ బరువుకు పది రెట్లకు పైగా బలం ఒక్క వేలు పెడుతుంటే, మిగిలిన చేయి దాన్ని కదలకుండా నిలపాలి. ఐదు మీటర్లలో పెట్టిన కాగితం మీద కూడా కొత్తవారి గుండ్లు కిందికి, పక్కకు చెల్లాచెదురు కావడానికి కారణం ఇదే. గ్లాక్ ట్రిగ్గర్‌కు ఇందులో సగం, రెండున్నర కిలోలు, చాలు.

అయినా రివాల్వర్‌ను సమర్థించేవారికి కారణాలున్నాయి. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే చాలు, తరువాతి గది వస్తుంది. పిస్టల్‌లో స్లైడ్‌ను చేత్తో వెనక్కి లాగి చెడ్డ తూటాను తోసేయాలి. పెనుగులాటలో గొట్టాన్ని ఎదుటివాడి ఒంటికి ఆనించి కాల్చాల్సి వస్తే పిస్టల్ స్లైడ్ కాస్త వెనక్కి జరిగి పేలకుండా పోవచ్చు. కోటు జేబులోంచే కాల్చితే స్లైడ్ బట్టలో చిక్కుకుంటుంది. రివాల్వర్‌కు ఈ బెడదలు తక్కువ. కీళ్లనొప్పులున్న పెద్దవారు స్లైడ్ లాగలేరన్నది మరో కారణం. అయితే అదే పెద్దవారు 5 కిలోల ట్రిగ్గర్‌నూ లాగలేకపోవచ్చు. వారి కోసమే 2018 నుంచి తేలిగ్గా లాగే స్లైడ్‌తో పిస్టళ్లు వస్తున్నాయి.

## అనుకోకుండా పేలకూడదు

2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రం హేడెన్‌లోని వాల్‌మార్ట్‌లో 29 ఏళ్ల తల్లి సామాను కొంటోంది. రెండేళ్ల కొడుకు షాపింగ్ బండిలో కూర్చున్నాడు. పక్కనే ఆమె చేతిసంచి, అందులో తుపాకీ. అది తుపాకీ పెట్టుకోవడానికే ప్రత్యేకంగా కుట్టిన జిప్ అర ఉన్న సంచి. ఆమెకు చట్టబద్ధమైన అనుమతి ఉంది. పిల్లవాడు జిప్ తీసి తుపాకీ అందుకున్నాడు. ఒక్క గుండు తగిలి తల్లి అక్కడే చనిపోయింది.

తుపాకీని ఎక్కడ, ఎలా పెట్టుకుంటారన్నది మోడల్ ఎంపిక కన్నా చిన్న విషయం కాదని చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ అవసరం లేదు. ఒంటి మీద ఉన్న తుపాకీ మనిషి అదుపులో ఉంటుంది. సంచిలో ఉన్నది సంచి ఎక్కడుంటే అక్కడ ఉంటుంది. అందుకే బెల్టుకు బిగించే ఒరనే, అంటే హోల్‌స్టర్‌నే, ఎక్కువమంది సిఫారసు చేస్తారు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్లు మెత్తని తోలువాటి స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి, ఎందుకంటే అరిగి మెత్తబడిన తోలు లోపలికి మడతపడి ట్రిగ్గర్‌ను నొక్కిన సందర్భాలున్నాయి. ఈ సలహాలన్నీ జీన్స్, బెల్టు వేసుకునే మనిషిని ఊహించుకుని చెప్పినవే. చీర, సల్వార్ వేసుకునేవారికి బెల్టే ఉండదు; వారికి పొట్ట చుట్టూ బిగించే పట్టీ గాని, మళ్లీ ఆ చేతిసంచి గాని మిగులుతుంది.

పిస్టల్‌కు చేత్తో తిప్పే సేఫ్టీ మీట ఉండాలా వద్దా అన్నది తెగని వాదన. ఉంటే పొరపాటున పేలదని ఒకరు. ప్రాణాపాయంలో వణికే వేలు దాన్ని తిప్పడం మరిచిపోతుందని మరొకరు. గ్లాక్ తరహా పిస్టళ్లలో బయట మీట లేదు. ట్రిగ్గర్ మధ్యలోని చిన్న నాలుక, లోపలి అడ్డుకట్టలు కలిసి కింద పడినా పేలకుండా చూస్తాయి. వేలు గాని బట్ట కొస గాని ట్రిగ్గర్‌ను నొక్కితే మాత్రం పేలుతుంది.

సిగ్ సావర్ పీ320 మీద కొన్నేళ్లుగా నడుస్తున్న వివాదం ఈ కోవదే. కొన్ని కోణాల్లో కింద పడితే పేలుతోందని బయటపడ్డాక 2017లో కంపెనీ స్వచ్ఛందంగా భాగాలు మార్చి ఇచ్చింది. ఆ తర్వాత కూడా ట్రిగ్గర్ ముట్టుకోకుండానే హోల్‌స్టర్‌లో పేలిందంటూ పలువురు పోలీసులు, సామాన్యులు దావాలు వేశారు; కొన్నింటిలో జ్యూరీలు వారికి పరిహారం ఇచ్చాయి. తుపాకీలో లోపం లేదు, ఏదో ఒకటి ట్రిగ్గర్‌ను కదిలించి ఉంటుందన్నది కంపెనీ వాదన. పేర్లు దగ్గరగా ఉన్నా పీ365 వేరే నిర్మాణం. రెంటినీ కలిపి మాట్లాడడం తరచు కనిపించే పొరపాటు.

## తుపాకీ ఉంటే నిజంగా భద్రత పెరుగుతుందా

ప్యూ రీసెర్చ్ అనే అధ్యయన సంస్థ 2023 సర్వేలో తుపాకీ ఉన్న అమెరికన్లలో 72 శాతం మంది ఆత్మరక్షణే ప్రధాన కారణాల్లో ఒకటని చెప్పారు. అదే ఏడాది అమెరికాలో తుపాకులతో 46,728 మంది చనిపోయారు. వారిలో 58 శాతం ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని 2004 నుంచి 2016 వరకు గమనించిన స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, హ్యాండ్‌గన్ ఉన్న పురుషుల్లో ఆత్మహత్య రేటు లేనివారి కన్నా మూడు రెట్లకు పైగా, స్త్రీలలో ఏడు రెట్లు ఎక్కువని తేల్చారు. తుపాకీ యజమానితో కలిసి ఉంటూ తమకు తుపాకీ లేనివారు హత్యకు గురయ్యే రేటు రెండు రెట్లకు పైగా ఉందని 2022లో మరో అధ్యయనంలో చూపారు.

రెండో వైపు వాదన ఏమిటంటే, తుపాకీ చూపించగానే దొంగ పారిపోయిన సంఘటనలు చావుల లెక్కలోకి రావు. ఇది న్యాయమైన అభ్యంతరం. అలాంటివి ఏడాదికి ఎన్ని? గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ అనే పరిశోధకులు 1995లో ప్రచురించిన ఫోను సర్వే ప్రకారం దాదాపు 25 లక్షలు. ప్రభుత్వం నిర్వహించే నేర బాధితుల సర్వే ప్రకారం లక్ష దరిదాపు.

ఇంత తేడా ఎలా వస్తుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. క్లెక్ సర్వేలో దాదాపు 5,000 మందిని అడిగారు. గత ఏడాదిలో తుపాకీతో తమను కాపాడుకున్నామని చెప్పినవారు నూటికి ఒకరికి కాస్త పైగా. అప్పటి వయోజనులు సుమారు 19 కోట్లు. అడిగినవారిలో నూటికి ఒకరు, అంటే 50 మంది, రెండేళ్ల కిందటి సంగతిని నిరుడు జరిగిందని పొరపాటుగా చెప్పినా దేశం మొత్తానికి 19 లక్షలు అదనంగా వచ్చి చేరతాయి. అరుదైన విషయాన్ని చిన్న సర్వేతో కొలిస్తే వచ్చే చిక్కు ఇది. ప్రభుత్వ సర్వేకు ఉన్న చిక్కు దీనికి విరుద్ధం: ముందు నేరానికి గురయ్యానని చెప్పినవారినే ఆత్మరక్షణ గురించి అడుగుతుంది కాబట్టి కొన్ని జారిపోతాయి. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది, బహుశా చిన్న అంకెకే దగ్గరగా.

కన్సీల్డ్ క్యారీని సులభం చేసిన రాష్ట్రాల్లో నేరాలు తగ్గాయని ఆర్థికవేత్త జాన్ లాట్ 1990ల చివర్లో వాదించారు. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆ ఆధారాలు ఎటూ తేల్చడానికి చాలవంది. 2019లో స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు జాన్ డోనహ్యూ బృందం అలాంటి చట్టాలు వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని లెక్కగట్టింది. మొదటి వాదనతో పోలిస్తే తాజా ఆధారాలు రెండో వైపే మొగ్గుతున్నాయి. అయితే ఇవన్నీ సగటు లెక్కలు. రాత్రి రెండు గంటలకు ఒంటరిగా దుకాణం మూసేవారి పరిస్థితి సగటులో ఇమడదని తుపాకీ యజమానులు అంటే కొట్టిపారేయలేం.

## నది దాటితే నేరం

న్యూయార్క్ రాష్ట్రం 1913 నుంచి, ప్రత్యేక కారణం చూపినవారికే తుపాకీ వెంట పెట్టుకునే అనుమతి ఇచ్చేది. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. ఇంటి బయట తుపాకీ ధరించడమూ ఆయుధాల హక్కు ఇచ్చే రెండో రాజ్యాంగ సవరణ కిందకే వస్తుందని చెప్పింది. దానితో అన్ని రాష్ట్రాలూ ఒకటైపోయాయని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో అసలు అనుమతే అక్కర్లేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, ఫ్లోరిడాలో 2023 జూలై నుంచి ఇదే పద్ధతి. న్యూయార్క్‌లో 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల శిక్షణ ఉంటే గాని అనుమతి రాదు. ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతిని డ్రైవింగ్ లైసెన్సులాగా మరో రాష్ట్రం గుర్తించాలన్న నియమం లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ ఎవరివీ గుర్తించవు.

2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక మహిళ, ఇద్దరు పిల్లల తల్లి, పెన్సిల్వేనియా అనుమతి ఉన్న తుపాకీతో న్యూజెర్సీలోకి కారులో వెళ్లింది. పోలీసులు ట్రాఫిక్ విషయంలో ఆపినప్పుడు తన దగ్గర తుపాకీ ఉందని, అనుమతి పత్రం కూడా ఉందని ఆమే చెప్పింది. అరెస్టు చేశారు. కనీసం మూడున్నరేళ్ల జైలు పడే నేరం. కేసు దేశమంతా చర్చ అయ్యాక విచారణ నుంచి తప్పించారు. 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చారు. ఆమె దాటింది డెలావేర్ నది మీది వంతెన. అటు నుంచి మన తెలుగువారు గుంపుగా ఉండే ఎడిసన్ గంటన్నర దూరం కూడా లేదు.

అనుమతి అక్కర్లేని రాష్ట్రంలోనూ తిరకాసు ఉంది. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండరాదని ఫెడరల్, అంటే దేశమంతటికీ వర్తించే, చట్టం. ఆ రాష్ట్రమే ఇచ్చిన అనుమతి ఉన్నవారికి మినహాయింపు. అనుమతి అవసరం లేదు కదా అని తీసుకోనివారికి ఆ మినహాయింపు వర్తించదు. ఊళ్లో ఏ వీధిలో వెళ్లినా ఏదో ఒక బడి వెయ్యి అడుగుల్లో ఉంటుంది. టెక్సస్‌లో చాలామంది ఇప్పటికీ డబ్బు కట్టి అనుమతి తీసుకోవడానికి ఇదొక కారణం. మోడల్ ఎంపిక మీద కూడా రాష్ట్రం చేయి పడుతుంది: 10 తూటాలకు మించిన మ్యాగజైన్ కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో చెల్లదు. గ్లాక్ 19కు ఉన్న 15 తూటాల వెసులుబాటు అక్కడ లేనట్టే. పదే పట్టేటప్పుడు పీ365 ఎక్కువ అర్థవంతంగా కనిపిస్తుంది.

## ఎఫ్1, హెచ్1బీ వారి సంగతి

నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ప్రవేశించినవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండడం ఫెడరల్ నేరం. ఎఫ్1, హెచ్1బీ, హెచ్4, ఎల్1, తల్లిదండ్రులు వచ్చే బీ2 అన్నీ ఇందులోకే వస్తాయి. 2022 చట్టం తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. కలిగి ఉండడమంటే కొనడం ఒక్కటే కాదు, స్నేహితుడి పిస్టల్‌ను సాధన కేంద్రంలో కాసేపు చేతిలోకి తీసుకున్నా చాలు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం పొంది పదేళ్లుగా గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ హెచ్1బీ ఉద్యోగికీ ఇదే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు చేతికి వచ్చాకే ఈ నిషేధం తొలగుతుంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే తుపాకీ కలిగి ఉండవచ్చు. కొందరు విద్యార్థులు ఈ దారిలోనే తుపాకులు కొంటున్నారు. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుతున్న తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడు, కొత్తగా కొన్న వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడన్న వార్త వచ్చాకే, విద్యార్థులకు ఇది సాధ్యమని ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలిసింది. వేట లైసెన్సు ఫెడరల్ నిషేధం నుంచి తప్పిస్తుందే తప్ప, పిస్టల్‌ను చొక్కా కింద పెట్టుకుని తిరిగే హక్కు ఇవ్వదు. దానికి రాష్ట్ర చట్టం వేరుగా ఒప్పుకోవాలి.

ఒకే ఇంట్లో రెండు హోదాలున్నప్పుడు ఏమవుతుందో చూద్దాం. అక్క అమెరికా పౌరురాలు. తమ్ముడు ఎఫ్1 మీద వచ్చి ఆమె ఇంట్లో ఉంటున్నాడు. వేట లైసెన్సు లేదు. అక్క తన పిస్టల్‌ను తనకు మాత్రమే సంకేతం తెలిసిన పెట్టెలో ఉంచితే ఇబ్బంది లేదు. హాల్లోని సొరుగులో పడేసి, అవసరమైతే తీసుకో అని తమ్ముడికి చెబితే, ముట్టుకోకపోయినా అది అతని ఆధీనంలో ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించవచ్చు. రాత్రి పనికి వెళ్తున్నాడని చేతికిచ్చి పంపితే, నిషేధం ఉన్న వ్యక్తికి తెలిసి ఇచ్చినందుకు అక్కా నేరస్థురాలవుతుంది. తమ్ముడు డబ్బిచ్చి అక్క పేరు మీద కొనిపిస్తే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. దానికీ 15 ఏళ్ల వరకు జైలు. తుపాకీ నేరం రుజువైతే గ్రీన్‌కార్డు ఉన్నవారిని కూడా దేశం నుంచి పంపించవచ్చు.

ఇక భారత్ వైపు నియమాలు మరీ బిగువు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, 9 ఎం.ఎం. సామాన్యులకు నిషిద్ధ కేలిబర్. ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్న తుపాకీలను కూడా పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. అమెరికాలో చట్టబద్ధంగా కొన్న పిస్టల్‌ను ఇంటికి తెచ్చుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు గాని, తూటాలు మాత్రం తెలియకుండా వస్తాయి. సాధన కేంద్రానికి వాడిన వీపు సంచి అడుగు జేబులో ఒక్క తూటా మిగిలిపోయి, అదే సంచి సెలవులకు విమానం ఎక్కి, తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయం స్కానర్‌లో దొరకడం ఏటా జరుగుతోంది. ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, విమానం తప్పిపోతుంది. తెలిసి దగ్గర పెట్టుకోలేదని తేలితే ఇలాంటి కేసులను హైకోర్టులు చాలాసార్లు కొట్టేశాయి; ఆ ఉత్తర్వు వచ్చేదాకా కేసు పెండింగులోనే ఉంటుంది.